ఫోనే ఇంట్లోకి రావాలి, కెమెరా బయటికి రాకూడదు

అందరికీ నమస్కారం. ఊరెళ్ళినప్పుడు ఇంటి కెమెరా చూసుకోవడానికి రెండు దారులున్నాయి. కెమెరాని ఇంటర్నెట్ మీద పెట్టేసి ఎక్కడినుంచైనా దాని దగ్గరికి వెళ్ళడం ఒకటి. కెమెరాని ఇంట్లోనే ఉంచి, మన ఫోన్‌నే ఇంటి నెట్‌వర్క్‌లోకి తీసుకురావడం రెండోది. స్క్రీన్ మీద చూస్తే రెండిట్లోనూ అదే వాకిలి, అదే గేటు కనిపిస్తాయి, తేడా తెలియదు. కానీ మొదటి దారిలో మీరు వెళ్ళగలిగిన చోటికి ఎవరైనా వెళ్ళగలరు. ఈరోజు నేను చెప్పేదంతా రెండో దారి గురించే.

మొదటి దారి ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. కెమెరాలు బిగించేవాళ్ళు చాలామంది రౌటర్‌లోకి వెళ్ళి 80, 554, 8000 లాంటి పోర్టులు, అంటే బయటినుంచి లోపలికి వచ్చే నంబరు తలుపులు, వీడియో దాచే రికార్డర్ వైపు తెరిచేసి, ఇక ఎక్కడినుంచైనా చూసుకోవచ్చండి అని చెప్పి వెళ్ళిపోతారు. 80 అంటే లాగిన్ పేజీ, 554 అంటే వీడియో వచ్చే దారి. "ఇన్ని కోట్ల ఇళ్ళలో మా ఇంటి అడ్రస్ ఎవడికి తెలుస్తుంది" అనిపిస్తుంది మనకి. కానీ ఇంటర్నెట్ కనెక్షన్లకి ఇచ్చే ఐపీవీ4 రకం నంబరు అడ్రసులు మొత్తం కలిపినా 430 కోట్ల లోపే. 2013లో వచ్చిన జీమ్యాప్ అనే టూల్, ఒకే కంప్యూటర్ నుంచి, ఒక గిగాబిట్ లైన్ మీద, ఆ అడ్రసులన్నిట్లో ఒక పోర్టుని 45 నిమిషాల్లోపు తట్టి చూసేస్తుంది. అంటే మీరు పోర్టు తెరిచిన రోజే ఎవరో ఒకరు తట్టి ఉంటారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షల కెమెరాలనీ రికార్డర్లనీ రౌటర్లనీ పట్టుకుంది. దాని దగ్గరున్న ఆయుధమల్లా ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ 60. ఆ ఏడు అక్టోబర్ 21న వెబ్‌సైట్ పేర్లని అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ సేవ ఇచ్చే డైన్ అనే సంస్థ మీద ఆ పరికరాలతోనే దాడి చేశారు, పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు.

పాస్‌వర్డ్ గట్టిది పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. లాగిన్ పేజీ ప్రోగ్రామ్‌లోనే లోపం ఉంటే పాస్‌వర్డ్ అడిగేదాకా రాకుండానే లోపలికి వచ్చేస్తారు. పేరున్న కెమెరాల్లోనే ఇలాంటివి ఎన్నోసార్లు బయటపడ్డాయి. పైగా కెమెరాకి ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు కొన్నేళ్ళకి ఆగిపోతాయి, కెమెరా మాత్రం గోడ మీద ఇంకో అయిదేళ్ళు ఉంటుంది.

కాబట్టి ఇంటికెళ్ళగానే రౌటర్ సెట్టింగ్స్ తెరిచి మూడు చోట్ల చూడండి. పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితాలో కెమెరాకో రికార్డర్‌కో ఏమైనా ఉంటే తీసేయండి. బయటినుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. మూడోది యూపీఎన్‌పీ. దీన్ని చాలామంది పట్టించుకోరు. అది ఆన్‌లో ఉంటే, మిమ్మల్ని అడక్కుండానే కెమెరా తనంతట తనే రౌటర్‌కి చెప్పి పోర్టు తెరిపించుకుంటుంది. మీరు జాబితాలోంచి తీసేసినా రేపు మళ్ళీ తెరుచుకుంటుంది. దాన్ని ఆపేసి రౌటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇక రెండో దారి, అంటే వీపీఎన్: ఫోన్‌కీ ఇంటికీ మధ్య ఇతరులు చదవలేని సొరంగం. ఆ సొరంగాన్నే టనెల్ అంటారు. అందుకు నా సలహా వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 నుంచి అది కెర్నల్‌లోనే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోనే ఉంది. కోడ్ సుమారు 4,000 వరుసలే, అందుకే పరీక్షించడం తేలిక. నాకు అందులో బాగా నచ్చేది దాని మౌనం. సరైన తాళంచెవి లేనివాళ్ళు తడితే అది తప్పు పాస్‌వర్డ్ అని కూడా అనదు, అసలు జవాబే ఇవ్వదు. బయటినుంచి చూసేవాడికి అక్కడ ఒక తలుపుందన్న సంగతే తెలియదు. కొన్ని పాత రౌటర్లలో పీపీటీపీ అనే వీపీఎన్ కనిపిస్తుంది, దాని జోలికి వెళ్ళొద్దు. దాని పాస్‌వర్డ్ పద్ధతి ఎప్పుడో విరిగిపోయింది, యాపిల్ 2016లోనే తన ఫోన్లలోంచి తీసేసింది. ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకో వీపీఎన్ మంచిదే, దాని అవసరం ఎక్కడ పడుతుందో తర్వాత చెప్తాను.

ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి.

ఒకటి, మీ ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటినుంచి చేరగలిగే అడ్రస్, ఉందా లేదా. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని ఒకటుంటుంది, రాసుకోండి. అదే ఇంటి వైఫైలో ఉండి, నా ఐపీ ఎంత అని చూపించే ఏదైనా వెబ్‌సైట్ తెరవండి. రెండూ ఒకటే అయితే మీది పబ్లిక్ ఐపీ. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ ఉండి, వెబ్‌సైట్‌లో వేరేది కనిపిస్తే, మీ సర్వీస్ ప్రొవైడర్ వందల ఇళ్ళని ఒకే అడ్రస్ వెనక పెట్టాడన్నమాట. దీన్ని సీజీనాట్ అంటారు. ఇది తెలియకుండా పోర్టు తెరిచి, కీలు మార్చి, రౌటర్ మార్చి రోజులు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది. సీజీనాట్ వెనక ఉంటే బయటినుంచి మొదలైన ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) కూడా మీ రౌటర్ దాకా రాదు, మీరేం చేసినా రాదు.

రెండోది, ఇంటి లోపలి అడ్రసులు. చాలా రౌటర్లు 192.168.0 తోనో 192.168.1 తోనో వస్తాయి. మీరు దిగిన హోటల్‌లోనూ అదే ఉంటుంది. అప్పుడు మీ ఫోన్ 192.168.1.50 లో ఉన్న ఇంటి రికార్డర్ కోసం అడిగితే, అది ఇక్కడే పక్కగదిలో ఉందనుకుని హోటల్ నెట్‌వర్క్‌లోనే వెతుకుతుంది. టనెల్ కలిసినట్టే చూపిస్తుంది, కెమెరా మాత్రం రాదు. మొబైల్ డేటా మీద పనిచేస్తుంది, హోటల్ వైఫై మీద చేయదు. అందరినీ తికమకపెట్టేది ఇదే. మందు చాలా తేలిక: ఇంట్లో అడ్రసుల్ని 192.168.87 లాంటి ఎక్కువమంది వాడని వరుసకి మార్చేయండి. కెమెరాలకి చేత్తో అడ్రసులు ఇచ్చి ఉంటే వాటినీ మార్చాలి, అందుకే ఈ పని ప్రయాణం ముందురోజు పెట్టుకోవద్దు.

ఇప్పుడు అమరిక. మీ రౌటర్‌లోనే వైర్‌గార్డ్ సర్వర్ ఉంటే అక్కడే పెట్టండి. లేకపోతే ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్ ఒకటి కావాలి, రాస్ప్‌బెర్రీ పై అయినా సరిపోతుంది. మన ఉదాహరణలో టనెల్ లోపల సర్వర్‌కి 10.66.66.1, మీ ఫోన్‌కి 10.66.66.2, ల్యాప్‌టాప్‌కి 10.66.66.3 ఇద్దాం. రౌటర్‌లో ఒకే ఒక్క పోర్టు, యూడీపీ 51820 (యూడీపీ, టీసీపీ అన్నవి డేటా పంపే రెండు పద్ధతులు), ఆ చిన్న కంప్యూటర్ వైపు తెరవాలి. ఇంటి మొత్తానికి తెరిచేది ఇదొక్కటే. వైర్‌గార్డ్ రౌటర్‌లోనే ఉంటే ఈ ఫార్వర్డింగ్ కూడా అక్కర్లేదు, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుని అనుమతిస్తే చాలు.

ప్రతి పరికరానికి రెండు తాళంచెవులుంటాయి, ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ. వీలైతే ఫోన్ యాప్‌లోనే కీలు తయారుచేసి, పబ్లిక్ కీని మాత్రమే సర్వర్‌లో రాయండి. క్యూఆర్ కోడ్‌తో చేస్తే సులువే, కానీ ఆ క్యూఆర్‌లో ప్రైవేట్ కీ ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి చాట్‌లో పంపుకుంటే ఇంటి తాళంచెవి పంపినట్టే. ఇంకోమాట, ఒకే కీని రెండు ఫోన్లలో పెట్టొద్దు. సర్వర్ ఒక కీకి ఒకే చోటు గుర్తుపెట్టుకుంటుంది, చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళకే జవాబులు పంపుతుంది. ఇద్దరూ ఒకేసారి తెరిస్తే ఇద్దరికీ వీడియో తెగుతూ వస్తుంది.

ఫోన్ వైపు అలౌడ్ ఐపీస్ అనే వరుస ఉంటుంది. అందులో 10.66.66.0/24, 192.168.87.0/24 అని రాస్తే (/24 అంటే ఆ వరుసలోని అడ్రసులన్నీ) ఇంటికి వెళ్ళాల్సినవి మాత్రమే టనెల్‌లోకి వెళ్తాయి, మిగతాది మామూలుగా వెళ్తుంది. 0.0.0.0/0 అని రాస్తే అంతా ఇంటి గుండానే వెళ్తుంది. ఊరూపేరూ లేని వైఫైలో ఉన్నప్పుడు ఇది మంచిదే, కానీ మీ ఇంటి అప్‌లోడ్ వేగం ఎంతో మీ ఫోన్ వేగం అంతకి పడిపోతుంది. రెండు వేర్వేరు ప్రొఫైళ్ళు చేసి పెట్టుకోండి. సర్వర్ వైపు మాత్రం ప్రతి ఫోన్‌కీ దాని ఒక్క అడ్రస్సే, 10.66.66.2/32 లాగా రాయాలి. రెండు ఫోన్లకి ఒకే అడ్రస్ రాస్తే రెండోది రాయగానే మొదటిది మూగబోతుంది.

కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అంతా పెట్టారు, టనెల్ ఆన్ చేశారు, కెమెరా రాలేదు. అప్పుడు సర్వర్‌లో "డబ్ల్యూజీ షో" అన్న ఆదేశం ఇస్తే ప్రతి ఫోన్ కింద లేటెస్ట్ హ్యాండ్‌షేక్, అంటే ఫోన్, సర్వర్ చివరిసారి చేయి కలిపిన సమయం, అని ఒక వరుస వస్తుంది. ముందు అది ఉందా లేదా చూడండి. లేదంటే మీ ప్యాకెట్లు సర్వర్ దాకా రావట్లేదు, లేదా కీ తప్పు. సీజీనాటా, పోర్టు సరిగ్గా తెరిచారా, టీసీపీ అని పెట్టి యూడీపీ మర్చిపోయారా, పబ్లిక్ కీలో ఒక్క అక్షరం జారిందా, ఇవి చూడాలి. ఫోన్ యాప్‌లో పంపిన బైట్లు పెరుగుతూ, వచ్చినవి సున్నా దగ్గరే ఉంటే అర్థం ఇదే. హ్యాండ్‌షేక్ ఉండి కెమెరా రాకపోతే తప్పు ఇంటి లోపలే ఉంది, రౌటర్ పోర్టుతో ఇక కుస్తీ పట్టొద్దు. సర్వర్‌లో ఐపీ ఫార్వర్డింగ్, అంటే టనెల్‌లో వచ్చినవాటిని ఇంటి నెట్‌వర్క్‌కి దాటించే సెట్టింగ్, ఆన్ చేశారా చూడండి. అది ఉన్నా రాకపోతే కెమెరా వైపునుంచి ఆలోచించండి. 10.66.66.2 నుంచి ఒక అభ్యర్థన వచ్చింది. జవాబు ఎటు పంపాలో కెమెరాకి తెలియదు. అది రౌటర్‌కి పంపుతుంది, ఆ అడ్రస్ ఎవరిదో రౌటర్‌కీ తెలియదు, పారేస్తుంది. కాబట్టి 10.66.66.0/24 కోసం ఈ చిన్న కంప్యూటర్ దగ్గరికి వెళ్ళమని రౌటర్‌లో స్టాటిక్ రూట్ రాయాలి. లేదా చిన్న కంప్యూటర్‌లోనే మాస్కరేడ్ పెడితే అభ్యర్థన ఇంట్లోంచే వచ్చినట్టు కెమెరాకి కనిపిస్తుంది. కొందరు కెమెరాల్లో రౌటర్ అడ్రస్ రాసే గేట్‌వే గడి ఖాళీగా వదిలేస్తారు, వాళ్ళకి మాస్కరేడే దిక్కు.

ఇంకో లక్షణం ఉంది. హ్యాండ్‌షేక్ ఉంది, పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) వెళ్తోంది, లాగిన్ పేజీ సగం వచ్చి ఆగిపోతోంది, వీడియో నల్లగా ఉంది. చిన్న ప్యాకెట్లు దాటుతున్నాయి, పెద్దవి దారిలో పడిపోతున్నాయి. వైర్‌గార్డ్ సాధారణంగా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1420 తో మొదలవుతుంది, కొన్ని లైన్లకి అది ఎక్కువ. ఫోన్ ప్రొఫైల్‌లోనూ సర్వర్‌లోనూ 1280 పెట్టి చూడండి.

సీజీనాట్ ఉన్నవాళ్ళ సంగతి. ప్రొవైడర్‌ని అడిగితే కొందరు స్టాటిక్ ఐపీ ఇస్తారు. లేదంటే బయట అద్దెకి చిన్న సర్వర్ తీసుకుని, ఇంటి కంప్యూటరే ముందుగా వెళ్ళి దానితో కలిసి ఉండేలా పెట్టాలి, మీరూ అక్కడికే వెళ్ళి కలుస్తారు. ఇందులో ఇంటి వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 అని తప్పక పెట్టాలి, లేకపోతే కాసేపు మాట లేకపోయేసరికి మధ్యలోని నాట్ (చాలా పరికరాలని ఒకే అడ్రస్ వెనక ఉంచేది) ఆ దారిని మూసేస్తుంది. ఒక లోతైన గుంట కూడా ఉంది. రాస్ప్‌బెర్రీ పై 4 దాకా వచ్చినవాటిలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వస్తే అది పాత టైముతో లేస్తుంది. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్‌లో టైము ముద్ర ఉంటుంది, ముందుదానికంటే పాత ముద్రతో వస్తే అవతలి సర్వర్ ఒప్పుకోదు. పై తన ట్రాఫిక్ అంతా టనెల్‌లోనే పంపేలా మీరు పెట్టి ఉంటే టైము సరిచేసుకోవడానికి టనెల్ కావాలి, టనెల్‌కి టైము కావాలి. రెండూ ఒకదానికొకటి అడ్డుపడి కూర్చుంటాయి. అందుకే పై వైపు టనెల్‌లోకి 10.66.66.0/24 మాత్రమే పంపండి.

ఇదంతా ఎక్కువనిపిస్తే టెయిల్‌స్కేల్ అనే సేవ ఉంది. అదీ వైర్‌గార్డ్ మీదే నడుస్తుంది, సీజీనాట్‌ని తనే దాటుతుంది, పోర్టు తెరవక్కర్లేదు. కెమెరాల్లో యాప్ వేయలేం కాబట్టి ఇంట్లో ఒక కంప్యూటర్‌ని సబ్‌నెట్ రౌటర్‌గా, అంటే కెమెరాల దాకా దారి ఇచ్చేదిగా, చేయాలి. దానిమీద ఆదేశం ఇస్తే సరిపోదు, అడ్మిన్ పేజీలోకి వెళ్ళి ఆ రూట్‌ని అనుమతించాలి. చాలామంది రెండోది మర్చిపోతారు. ఇంకా ముఖ్యం, అందులో పరికరాల కీకి మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు మీరు దూరంగా ఉన్నప్పుడు ముగిస్తే మళ్ళీ లాగిన్ చేయడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఇంటి కంప్యూటర్ ఒక్కదానికి గడువు ఆపేసి వెళ్ళండి. దీని భద్రత అంతా మీరు లాగిన్ అయ్యే ఖాతా మీద ఉంటుంది, దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టి తీరాలి.

ఆ ధ్రువీకరణ ఎస్ఎంఎస్ ఓటీపీతో పెట్టుకుంటే ప్రయాణంలో దెబ్బతింటారు. రోమింగ్‌లో సిమ్ పనిచేయకపోవచ్చు, అక్కడి సిమ్ వేసుకోవడానికి మీ సిమ్ తీసి ఉండొచ్చు. 30 సెకన్లకోసారి అంకెలు మార్చే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, దానికి నెట్ కూడా అక్కర్లేదు. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

ఇక కెమెరాల సంగతి. వాటిని వేరే విలాన్‌లో, అంటే ఇంట్లోనే విడదీసిన నెట్‌వర్క్‌లో పెట్టి, బయటికి వెళ్ళకుండా ఆపేయడం మంచిది. కెమెరాకి ఇంటర్నెట్‌తో పనేముంది? రికార్డర్‌తో మాట్లాడితే చాలు. అయితే టైము సరిచేసుకునే దారి కూడా మూసుకుపోతుంది కాబట్టి, కొన్ని వారాలకి వీడియో మీద టైము తేడా వస్తుంది. ఏదైనా జరిగాక ఆ వీడియో ఎవరికైనా చూపించాలంటే ఆ టైమే ముఖ్యం. రౌటర్‌నో రికార్డర్‌నో ఇంటి ఎన్‌టీపీ (టైము చెప్పే) సర్వర్‌గా పెట్టి కెమెరాలకి ఆ అడ్రస్ ఇవ్వండి.

వేగం లెక్క ఒకటి చూద్దాం. ఫుల్ హెచ్‌డీ కెమెరా మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యత వీడియో) 4 ఎంబీపీఎస్ అనుకుంటే, నాలుగు కెమెరాలు ఒకేసారి తెరిస్తే మీ ఇంటి అప్‌లోడ్ 16 ఎంబీపీఎస్ కావాలి. ఒక్క కెమెరానే గంటసేపు చూసినా 1.8 జీబీ మొబైల్ డేటా పోతుంది. అదే సబ్‌స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) 512 కేబీపీఎస్ పెడితే గంటకి 230 ఎంబీ. మీరు చూడటానికి సబ్‌స్ట్రీమ్, రికార్డింగ్‌కి మెయిన్ స్ట్రీమ్. ఆ నాలుగు కెమెరాలు రోజంతా రికార్డయితే రోజుకి దాదాపు 173 జీబీ, అంటే 2 టీబీ డిస్క్‌లో పదకొండు రోజులు నిలుస్తుంది. మూడు వారాలు వెళ్తున్నవాళ్ళు మొదటి వారం వీడియో దొరుకుతుందనుకోవద్దు. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టడమో డిస్క్ పెంచడమో ముందే తేల్చుకోండి.

కరెంటు. రౌటర్, ఫైబర్ పెట్టె, స్విచ్, రికార్డర్, నాలుగు కెమెరాలు కలిపి 60 వాట్ల దాకా తాగొచ్చు. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు, చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. గంట కూడా ఆగదు. కాబట్టి కరెంటు పోకుండా చూడటం కంటే, వచ్చాక అన్నీ వాటంతటవే లేస్తాయా అన్నది ముఖ్యం. మినీ పీసీ అయితే బయోస్‌లో (అది మొదలయ్యేటప్పటి సెట్టింగ్స్‌లో), కరెంటు రాగానే ఆన్ అవ్వాలి అన్న సెట్టింగ్ పెట్టాలి. రౌటర్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి దూరంనుంచి ఆపి వేద్దామనుకునేవాళ్ళు ఉంటారు. ఆపడం వరకు పనిచేస్తుంది! రౌటర్ ఆగితే ప్లగ్‌కి నెట్ ఉండదు, వేయమన్న మాట దానికి వినిపించదు. రౌటర్‌లోనే షెడ్యూల్డ్ రీబూట్ ఉంటే అది వాడండి, లేదా నెట్ పోయినప్పుడు తనే ఆపి తనే వేసే రకం ప్లగ్ తీసుకోండి.

పరీక్ష చేయకుండా బయల్దేరొద్దు. ఇంటి వైఫైలో ఉండి చూస్తే అది పరీక్షే కాదు, ఫోన్ తిన్నగా కెమెరాతో మాట్లాడుతూ ఉండొచ్చు. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చూడండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, అయిదు నిమిషాలు ఆగి, వేసి, ఏ పరికరాన్నీ ముట్టుకోకుండా బయటికి నడిచి మళ్ళీ చూడండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు రెండు వారాల ముందే ముగించండి.

ఇప్పుడు ప్రశ్నలు.

(సభలోంచి: హోటల్‌లో టనెల్ అస్సలు కలవకపోతే ఏం చేయాలండి?)

ముందు వీపీఎన్ ఆపి, ఏదైనా మామూలు పేజీ తెరవండి. పేరు, గది నంబరు అడిగే పేజీ వస్తే అది పూర్తిచేశాకే టనెల్ వేయాలి. అదీ అయ్యాక కలవకపోతే వాళ్ళు యూడీపీని ఆపేసి ఉండొచ్చు. మొబైల్ డేటా మీద కలిస్తే ఇక సందేహం లేదు. ఓపెన్‌వీపీఎన్ పనికొచ్చేది ఇక్కడే, దాన్ని టీసీపీ 443 మీద పెడితే మామూలు వెబ్‌సైట్ దారిలోనే వెళ్తుంది. టెయిల్‌స్కేల్ కూడా అలాంటప్పుడు తన రిలే (మధ్యవర్తి) సర్వర్ల గుండా, 443 మీదే వెళ్తుంది, కాస్త నెమ్మదిస్తుంది.

(సభలోంచి: మా ఇంటి ఐపీ మారుతూ ఉంటుంది. మారే ఐపీకి ఒకే పేరు ఇచ్చే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టాను. అయినా ఒక్కోసారి తెగిపోతోంది.)

వైర్‌గార్డ్ పేరుని అడ్రస్‌గా మార్చుకునేది టనెల్ మొదలైనప్పుడే. మధ్యలో ఐపీ మారితే పాతదానికే పంపుతూ ఉంటుంది. టనెల్ ఆపి మళ్ళీ వేయండి. అప్పటికీ రాకపోతే రౌటర్ కొత్త ఐపీని డీఎన్ఎస్ సేవకి చెప్పిందో లేదో ఆ సేవ పేజీలో చూడండి.

(సభలోంచి: ప్రయాణంలో ఫోన్ పోతే?)

సర్వర్‌లో ఆ ఫోన్ పియర్ వరుస (దాని కీ, అడ్రస్ రాసిన భాగం) తీసేసి, వైర్‌గార్డ్‌ని మళ్ళీ లోడ్ చేయాలి. ఆ క్షణం నుంచి ఆ ఫోన్‌కి మీ ఇల్లు లేనట్టే, మిగతా పరికరాలు మామూలుగా నడుస్తాయి. ఒక్కో పరికరానికి ఒక్కో కీ అన్నది ఇందుకే. కానీ ఆ వరుస తీయాలంటే మీరు ఇంట్లోకి వెళ్ళగలగాలి కదా, దారి ఉన్న ఫోనే పోయాక ఎలా వెళ్తారు? అందుకని ల్యాప్‌టాప్‌కో పాత ఫోన్‌కో సొంత కీతో ఇంకో పియర్ పెట్టి, అదీ పనిచేస్తోందని చూసి, దాన్ని వేరే బ్యాగులో పెట్టుకోండి. రికార్డర్‌లో ఫోన్ కోసం లైవ్ చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్‌ని వేరేగా చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఏ ఫోన్ యాప్‌లోనూ సేవ్ అయి ఉండకూడదు, పోయిన ఫోన్ దొరికినవాడు మీరు పియర్ తీసేలోపు రికార్డింగులు తుడిచేయకుండా అదే ఆపుతుంది.